కోరాపుట్ సర్కారు సీటా, ఆంధ్రాలో బీ కేటగిరీనా: సరిహద్దు తెలుగు ఇళ్లకు మెడికల్ సీటు లెక్క

నీట్ ఫలితాలు వచ్చాక కొన్ని వారాలు మా బ్యాంకు బ్రాంచికి ఒకే రకం మనుషులు వస్తుంటారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ర్యాంక్ కార్డు, ఇంటి కాగితాలు, పక్కన తల వంచుకుని నిలబడ్డ అమ్మాయో అబ్బాయో. గుణుపూర్ దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చోకుండానే అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. "బాబూ, ఇల్లు రాసిచ్చేస్తాను. పిల్ల సీటు మాత్రం పోకూడదు." ఆయన అడుగుతున్నది ఆంధ్రాలో ఒక ప్రైవేటు కాలేజీ సీటుకు లోన్. మనవరాలి ర్యాంకుకు కోరాపుట్ ప్రభుత్వ కాలేజీ కూడా అందేలా ఉంది. "అంత కొండల్లో, ఒరియా వాళ్ల మధ్య పిల్లని ఎలా వదిలేది?" అన్నది ఆయన బెంగ.

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి బ్రాంచీల్లో ఎడ్యుకేషన్ లోన్ ఫైళ్లు చూసీ చూసీ, మూడేళ్ల కిందట నా సొంత కూతురికీ ఇదే తేల్చుకోవాల్సి వచ్చాక, గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల తెలుగు ఇళ్ల కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండే తల్లిదండ్రుల కోసం చెప్పే సలహాలు మనకు సగమే పనికొస్తాయి. మన ఇంటి భాష ఒక రాష్ట్రానిది, రెసిడెంట్ సర్టిఫికెట్ ఇంకో రాష్ట్రానిది.

ముందు తేలాల్సింది: మీ పిల్లలు ఏ రాష్ట్రం కోటాలోకి వస్తారు?

కాలేజీల పేర్లు తర్వాత. ముందు ఇది తేల్చుకోకపోతే మిగతా ఆలోచనంతా వృథా.

ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆల్ ఇండియా కోటా. వీటిని ఢిల్లీలోని ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) భర్తీ చేస్తుంది. మిగతా 85 శాతం ఆయా రాష్ట్రాలవి. ఒడిశాలో వాటి కౌన్సెలింగ్ ఓజేఈఈ (ఒడిశా జాయింట్ ఎంట్రన్స్ పరీక్షల కమిటీ) చూస్తుంది, ఆంధ్రాలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ. డీమ్డ్ యూనివర్సిటీల, అంటే యూనివర్సిటీ హోదా పొందిన సంస్థల సీట్లన్నీ మళ్లీ ఎంసీసీ ద్వారానే.

మన ఇళ్లలో ఎక్కువ మంది పిల్లల్ని ఇంటర్‌కి వైజాగ్‌కో విజయవాడకో పంపుతారు. రెండేళ్లు అక్కడ చదివారు కాబట్టి ఆంధ్రాలో లోకల్ అవుతారని చాలా మంది నమ్మకం. అవ్వరు. ఇంటర్ పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. అంటే తొమ్మిదో తరగతి నుంచే అక్కడ ఉండాలి. లోకల్ కాని వారికి మిగిలే 15 శాతంలోకి రావాలన్నా రాష్ట్రంలో పదేళ్ల నివాసం వంటి షరతులు ఉన్నాయి. కాబట్టి ఆంధ్రా ప్రభుత్వ కాలేజీలోకి మనకున్న దారి దాదాపుగా ఆల్ ఇండియా కోటా ఒక్కటే. డబ్బు పెట్టగలిగితే ప్రైవేటు కాలేజీల బీ కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా ఉంది. దానికి బయటి రాష్ట్రాల వాళ్లూ పోటీ పడవచ్చు.

కులం సర్టిఫికెట్ విషయంలో కూడా దెబ్బ తినేది మనమే. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. కేంద్ర ఓబీసీ జాబితా కూడా అంతే. శ్రీకాకుళంలో పెదనాన్న పిల్లలకు బీసీ సర్టిఫికెట్ ఉందని మన పిల్లకూ ఉంటుందనుకోకూడదు. ఒడిశా జాబితాలో మీ కులం పేరు ఉందో లేదో చూడాలి. ఫారంలో ఓబీసీ అని పెట్టి, సర్టిఫికెట్లు చూపించే రోజున జనరల్‌లోకి మారితే ఆశలన్నీ తలకిందులవుతాయి. ఒక మంచి సంగతి కూడా ఉంది. ఒడిశా ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు మెడికల్, ఇంజనీరింగ్ సీట్లలో 15 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు బడి ఫీజు కట్టలేక సర్కారు బడికి పంపిన ఇళ్లకు ఇది పెద్ద వరం. దీని గురించి తెలియని వాళ్లు ఇంకా ఉన్నారు.

డబ్బు: ఫీజు కాదు, చివరికి కట్టేది చూడండి

ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం ఐదున్నరేళ్లు. ఆంధ్రా ప్రైవేటు కాలేజీల్లో బీ కేటగిరీ ఫీజు ఏడాదికి 12 లక్షలు దాటుతుంది. లెక్క సులువుగా ఉండడానికి 12 లక్షల చొప్పున ఐదు వాయిదాలు అనుకుందాం. మొత్తం 60 లక్షలు. ఇక్కడి దాకా అందరూ లెక్క వేస్తారు. నా టేబుల్ ముందు కూర్చున్న వాళ్లకు తర్వాతి లెక్క నేనే కాగితం మీద వేసి చూపిస్తాను.

వడ్డీ 10 శాతం అనుకుంటే, చదువు కాలం, ఆ పైన ఏడాది గడువు ముగిసేసరికి మామూలు వడ్డీయే 27 లక్షలవుతుంది. బాకీ 87 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 1 లక్షా 15 వేలు. పదిహేనేళ్లకు పెట్టుకుంటే నెలకు 93 వేల చిల్లర, అప్పుడు మొత్తం కట్టేది కోటీ 68 లక్షలు. చదువుతుండగానే వడ్డీ కడుతూ పోతే బాకీ 60 లక్షల దగ్గరే ఆగుతుంది, పదేళ్ల ఈఎంఐ 79 వేల దగ్గర ఉంటుంది. కానీ ఆ వడ్డీ మొదటి ఏడాది నెలకు 10 వేలు, ఐదో ఏడాదికి నెలకు 50 వేలు. ఇది తండ్రి జీతంలోంచి పోవాలి.

ఇంకో మాట. గడువు ముగిసి ఈఎంఐ మొదలయ్యే రోజులకు మీ పిల్ల ఎక్కడ ఉంటుంది? నీట్ పీజీకి చదువుతూ ఉంటుంది, లేదా పీజీ మొదటి ఏడాదిలో డ్యూటీలు చేస్తూ ఉంటుంది. సరిగ్గా చదువుకోవాల్సిన సమయంలో నెలకు లక్ష కట్టమంటే, పీజీ వదిలేసి ఏదో నర్సింగ్ హోంలో నైట్ డ్యూటీ డాక్టర్‌గా చేరిన పిల్లల్ని నేను చూశాను. వాళ్లు వచ్చి కూర్చుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే ఆ ఫైల్ మీద సంతకం నాదే.

మామూలు స్కీముల్లో ఏడున్నర లక్షలు దాటిన లోన్‌కు ఆస్తి తనఖా అడుగుతారు. రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ఏరియా, గజపతిలో కొంత భాగం కూడా. భూమి చేతులు మారిన తీరు మీద బ్యాంకు లాయర్ పది ప్రశ్నలు వేస్తాడు. తాతగారి ఆస్తి టెక్కలి వైపో పార్వతీపురం వైపో ఉంటే అక్కడి లీగల్ ఒపీనియన్‌కు ఇంకొన్ని రోజులు. కౌన్సెలింగ్ రౌండ్ అన్ని రోజులు ఆగదు. అందుకే కాగితాలు ఫలితాలకు ముందే చూపించుకోండి. రసీదు లేకుండా నగదు అడిగే చోట మాత్రం ఎంత మంచి సీటైనా లేచి వచ్చేయండి. ఆ డబ్బుకు లోనూ రాదు, గొడవ వస్తే సాక్ష్యమూ ఉండదు.

పిల్లకు కాలేజీ నప్పడం అంటే ఏమిటి?

క్యాంపస్ బాగుందా, హాస్టల్‌లో ఏసీ ఉందా అన్నది కాదు. రెండు సంగతులు చూడాలి: ఆసుపత్రికి రోగులు వస్తున్నారా, ఆ రోగులతో మీ పిల్ల మాట్లాడగలదా.

మొదటిది కనుక్కోవడం తేలిక. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఓపీ దగ్గర నిలబడండి. లైను ఉందా? కాన్పుల వార్డులో మంచాలు నిండి ఉన్నాయా? రాత్రి క్యాజువాలిటీలో వెలుతురు, మనుషులు ఉన్నారా? మూడో ఏడాది పిల్లల్నీ ఇంటర్న్‌లనూ పక్కకు పిలిచి అడగండి: "బాబూ, సూదులు, కుట్లు, కాన్పులు నీ చేతులతో ఎన్ని చేశావు? స్టైపెండ్ నెలనెలా ఖాతాలో పడుతోందా?" ఆఫీసులో చెప్పేదానికంటే ఆ పది నిమిషాల్లో తెలిసేది ఎక్కువ.

రెండోది మన ఇళ్లలో అందరూ తప్పుగా అర్థం చేసుకునే విషయం. తెలుగు పిల్ల కాబట్టి తెలుగు ఊళ్లో చదవాలి అంటారు. కానీ ఒడియా బడిలోనో ఇంగ్లిష్ మీడియంలోనో చదివి, వీధిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు రెండు భాషలూ వచ్చు. బరంపురం వార్డులో గంజాం ఒడియా వినిపిస్తుంది, తెలుగు ముసలమ్మలూ వస్తారు. కోరాపుట్‌లో దేశియా ఒడియా, అంటే ఆ కొండ ప్రాంతపు యాస. అక్కడ చేరిన మా అమ్మాయి మొదటి నెలలో ఫోన్ చేసి, "నాన్నా, మన రాయగడ సంతలో విన్న మాటలే ఇక్కడ వార్డులో" అంది. ఏ రాష్ట్రం నుంచో ఆల్ ఇండియా కోటాలో వచ్చిన పిల్లలు ఏడాది పట్టి నేర్చుకునేది తనకు చిన్నప్పుడే వచ్చేసింది. అలాగే మీ పిల్ల తొమ్మిదో తరగతి నుంచీ విజయవాడ హాస్టల్‌లోనే పెరిగి ఒడియా చదవడం రాయడం మరిచిపోయి ఉంటే, ఆ ఇబ్బంది నిజమైనదే. దాన్ని కొట్టిపారేయకండి.

భాషకు ఇంకో కోణం ఉంది. రేపు ఒడిశా ప్రభుత్వ డాక్టర్ ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసై ఉండాలన్న నిబంధన ఉంది. సొంత జిల్లాలో ఉద్యోగం చేయాలన్న ఆశ ఉంటే ఇప్పుడే ఆ కాగితం చూసుకోండి.

ఒక్క చూపులో

| దారి | ఖర్చు | రోగులు, అనుభవం | మన పిల్లలకు భాష | జాగ్రత్త |
|---|---|---|---|---|
| బరంపురం ఎంకేసీజీ ప్రభుత్వ కాలేజీ (ఒడిశా కోటా) | చాలా తక్కువ | చాలా ఎక్కువ | ఒడియా, కొంత తెలుగు | రద్దీ, ర్యాంకు |
| కోరాపుట్ ఎస్ఎల్ఎన్ (షహీద్ లక్ష్మణ్ నాయక్) ప్రభుత్వ కాలేజీ (ఒడిశా కోటా) | చాలా తక్కువ | ఎక్కువ, గిరిజన ప్రాంత జబ్బులు | దేశియా, ఒడియా | కొత్త కాలేజీ, దూరం |
| ఆంధ్రా ప్రభుత్వ కాలేజీ (ఆల్ ఇండియా కోటా) | తక్కువ | పాత కాలేజీల్లో చాలా ఎక్కువ | తెలుగు | ర్యాంకు బాగా ఉండాలి |
| ఆంధ్రా ప్రైవేటు, బీ కేటగిరీ | 60 లక్షలు, ఆ పైన వడ్డీ | కాలేజీని బట్టి | తెలుగు | అప్పు |
| భువనేశ్వర్ డీమ్డ్ | ఇంకా ఎక్కువ | పెద్ద ఆసుపత్రులు | ఒడియా | అప్పు |
| లాంగ్ టర్మ్ (నీట్ మళ్లీ రాయడం) | కోచింగ్, ఒక ఏడాది | లేదు | లేదు | పిల్ల మనసు |

ఒక్కో దారీ దగ్గర నుంచి చూస్తే

భువనేశ్వర్ ఎయిమ్స్ వస్తే చేరిపోవడమే, మాట్లాడుకోవాల్సింది ఏమీ లేదు.

బరంపురంలో ఎంకేసీజీ 1962 నాటిది. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీద ఉన్న కాలేజీ కాబట్టి మనకు అదో ఇష్టం కూడా. దక్షిణ ఒడిశా మొత్తానికి పెద్దాసుపత్రి అదే. అక్కడ చదివిన పిల్లలు చేతి పని బాగా నేర్చుకుని వస్తారు. పీజీ సీట్లు చాలా విభాగాల్లో ఉన్నాయి. పేషెంట్ల తాకిడికి, పాత భవనాలకు పిల్ల తట్టుకోవాలి. ఫీజు ఏడాదికి అరలక్ష లోపే. దీన్ని కాదని డబ్బు కట్టి ఇంకెక్కడికో వెళ్లాల్సిన కారణం నాకు ఇంతవరకూ ఎవరూ చూపించలేకపోయారు.

అసలు తేలని ఇళ్లన్నీ కోరాపుట్ దగ్గరే ఆగుతాయి. షహీద్ లక్ష్మణ్ నాయక్ కాలేజీ 2017లో మొదలైంది. కొండ మీది ఊరు, చలి. రాయగడ నుంచి రైలుంది, కానీ పర్లాకిమిడి నుంచి అయితే ఒక రోజు ప్రయాణం కింద లెక్క. పెద్ద స్పెషాలిటీ కేసులను ఇప్పటికీ విశాఖకో బరంపురానికో పంపుతుంటారు. ఇది నిజమైన లోటే. కానీ అక్కడి వార్డులో మలేరియా, తీవ్ర రక్తహీనత, పాముకాటు, ఆలస్యంగా వచ్చిన కాన్పు కేసులు పుస్తకంలో చదివేలోపే కళ్ల ముందుకొస్తాయి. ఎంబీబీఎస్‌లో నేర్చుకోవాల్సింది ఇవే. అరుదైన గుండె ఆపరేషన్ చూడడం పీజీలో పని. కొత్త కాలేజీ అని భయపడేవాళ్లు ఫలానా విభాగంలో ప్రొఫెసర్లు ఎంత మంది ఉన్నారో, పీజీ కోర్సు మొదలైందో లేదో అడిగి తెలుసుకోవాలి. మా అమ్మాయి ఇక్కడే చేరింది. మా ఆవిడ ఆ రోజు ఏడ్చింది. ఇప్పుడు సెలవులకు వచ్చినప్పుడు వీధిలో వాళ్ల బీపీలు అమ్మాయే చూస్తోంది.

ఆల్ ఇండియా కోటాలో ఆంధ్రా సీటు వస్తే ఆలోచన మారుతుంది. విశాఖలో ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది, కేజీహెచ్ దాని ఆసుపత్రి. మన వైపు రోగులే అక్కడ ఎందరో ఉంటారు. బరంపురమా, విశాఖా అన్న ప్రశ్న వస్తే రెండూ మంచివే, ఇంటికి ఏది దగ్గరో, పిల్లకు ఏ భాష హాయిగా ఉందో దాన్నే పట్టుకోండి. ఆంధ్రాలో ఏదైనా కొత్త ప్రభుత్వ కాలేజీలో సీటు వచ్చి, ఇక్కడ ఎంకేసీజీలోనూ వస్తే మాత్రం నేను ఎంకేసీజీ అంటాను.

పీజీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2025 జనవరిలో సుప్రీంకోర్టు పీజీ మెడికల్ సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని, చదివిన సంస్థను బట్టి కొంత మేరకు ప్రాధాన్యం ఇవ్వవచ్చని చెప్పింది. కాబట్టి ఎంబీబీఎస్ ఎక్కడ చేశారన్నది రేపు పీజీ సీటు దగ్గర లెక్కకు వస్తుంది. చేరే ముందు ఆ కాలేజీలో పీజీ సీట్లు ఎన్ని, బాండ్ (చదువయ్యాక ప్రభుత్వ సేవ చేస్తామని రాసిచ్చే ఒప్పందం) ఏమిటి, బాండ్ తప్పితే ఎంత కట్టాలి అన్నవి కాగితం మీద చూసుకోండి.

ఇక బీ కేటగిరీ. శ్రీకాకుళం దగ్గర రాగోలులో జెమ్స్, నెల్లిమర్లలో మిమ్స్, ఇలా మనకు దగ్గర్లోనే ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి. ఆదివారం పొద్దున బయల్దేరి పిల్లకు కూర పట్టుకెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఆ ఆశ చిన్నది కాదు, నేనూ ఆశపడ్డాను. కానీ ఆ దగ్గరితనానికి మనం కట్టేది 60 లక్షలు. ఊళ్లో ఆస్తి ఉండి, అమ్మినా ఇల్లు కదలని కుటుంబానికి, లేదా తల్లిదండ్రులిద్దరూ డాక్టర్లై సొంత నర్సింగ్ హోం ఉన్నవాళ్లకు ఇది సరైన దారే కావచ్చు. ఒక జీతం, ఒక ఇల్లు, ఇంకో చెల్లెలి పెళ్లి ఉన్న ఇంటికి కాదు. భువనేశ్వర్ డీమ్డ్ యూనివర్సిటీలకూ ఇదే మాట. ఆసుపత్రులు పెద్దవి, చదువు బాగుంటుంది, కానీ డీమ్డ్‌లలో ఏడాది ఫీజే 15 నుంచి 25 లక్షల మధ్య ఉండడం మామూలు.

విదేశాల గురించి క్లుప్తంగా చెబుతాను. కనీసం 54 నెలల చదువు, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్, తిరిగొచ్చాక ఇక్కడి పరీక్ష, మళ్లీ ఇక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ పరీక్షలో చాలాసార్లు పదిమందిలో ముగ్గురు కూడా పాస్ కావడం లేదు. ఏజెంటు చెప్పే ఫీజులో ఈ ఏళ్ల ఖర్చు ఉండదు.

లాంగ్ టర్మ్ అంటే అందరికీ భయం, ఏడాది పోతుందని. కానీ సీటు కొద్ది మార్కుల్లో తప్పిన పిల్ల, తానే మళ్లీ రాస్తానంటే, ఆ ఏడాది ఖరీదు బీ కేటగిరీ వడ్డీలో ఒక ముక్క కూడా కాదు. అదే పిల్ల రెండేళ్లుగా నిద్ర లేక, తినక, టెన్షన్‌తో చిక్కిపోయి ఉంటే మళ్లీ హాస్టల్‌కు తోయకండి. ఆ పిల్లకు బీఎస్సీ నర్సింగో, వెటర్నరీయో, ఫార్మసీయో నచ్చుతుందేమో కూర్చోబెట్టి అడగండి. రెండోసారి కూడా తప్పిన పిల్లను మూడోసారి పంపమని నేను ఎవరికీ చెప్పను.

మీ ఇంటికి ఏది?

ప్రభుత్వ సీటు ఏ మూల ఉన్నా, చేతిలో ఉంటే తీసుకోండి. దూరం మొదటి ఏడాదే బాధిస్తుంది. ఒక్కదానికే మినహాయింపు ఇస్తాను: పిల్లకు వైద్యం నడుస్తున్న ఆరోగ్య సమస్య ఉంటే ఇంటి దగ్గర ఉండడం ముఖ్యం.

ప్రభుత్వ సీటు లేదు, అప్పు లేకుండా కట్టగలరు అంటే, బీ కేటగిరీలో ఆసుపత్రి నిండుగా ఉన్న కాలేజీ చూసి చేరండి. పేరు కంటే ఓపీ లైను చూడండి.

ప్రభుత్వ సీటు లేదు, ఇల్లు తనఖా పెట్టాలి అంటే, పైన చెప్పిన ఈఎంఐ లెక్క పిల్ల ముందే వేయండి. "ఈ లక్ష నువ్వు కట్టాలి" అని బెదిరించడానికి కాదు. పదిహేడేళ్ల పిల్లకు కూడా నిజం తెలిసే హక్కు ఉంది. మా అమ్మాయి ఆ కాగితం చాలాసేపు చూసి, కోరాపుట్ అంది. తన నోటి నుంచి వచ్చింది కాబట్టే అక్కడ నిలబడగలిగింది.

రౌండ్ల విషయంలో ఒక జాగ్రత్త. ఎంసీసీ మొదటి రౌండ్‌లో సీటు వచ్చి చేరకపోయినా డిపాజిట్ పోదు. తర్వాతి రౌండ్లలో వచ్చిన సీటు వదిలేస్తే పోతుంది. ఆల్ ఇండియా కోటాకు అది 10 వేలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 5 వేలు, డీమ్డ్‌కు మాత్రం 2 లక్షలు. డీమ్డ్ కాలేజీల పేర్లు 'ఊరికే పెట్టి చూద్దాం' అని ఆప్షన్లలో పెట్టకండి. ఒక చోట చేరితే ఒరిజినల్ సర్టిఫికెట్లు అక్కడ ఉండిపోతాయి, ఒడిశా కౌన్సెలింగ్ రోజున చేతిలో ఉండవు. రెండు కౌన్సెలింగ్‌ల తేదీలూ ఒకే కాగితం మీద రాసి గోడకు అంటించండి. రెసిడెంట్ సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ తహసీల్ ఆఫీసులో మే నెలలోనే పెట్టుకోండి. జూన్ దాటితే అక్కడ కూడా ఓపీ అంత లైను ఉంటుంది.